డ్రాగన్లకు పేరు పెట్టేదెవరు? పిలిచేదెవరు?

రాతిగూడు:
అందరికీ నమస్కారం. కొంతకాలంగా ఒక కాల్పనిక నవల రాస్తున్నాను. కథంతా అగ్నిపర్వతాల వరుస కింద ఉన్న ఒక లోయలో జరుగుతుంది. డ్రాగన్లు వేడి బూడిదలో గుడ్లు పాతిపెడతాయి. గుడ్డు పగలడానికి 60 ఏళ్ళు పడుతుంది, డ్రాగన్ ఆయుష్షు సుమారు 800 ఏళ్ళు. లోయలో మనుషులు గనులు తవ్వుకుని బతుకుతుంటారు. ఒక్క డ్రాగన్ జీవితకాలంలో మనుషులవి ముప్ఫై తరాలు గడిచిపోతాయి.

చిక్కంతా పేర్ల దగ్గరే. చెవికి భయంకరంగా వినిపిస్తే చాలనుకుని అగ్నిభీర, ధూమ్రభైర, వజ్రభైర, ప్రళయఘోర అని పెట్టుకుంటూ పోయాను. చదివిన మిత్రులు ఎవరు ఎవరో గుర్తుపట్టలేకపోతున్నారు. అంతకంటే పెద్ద సమస్య ఇంకోటి ఉంది. ఈ పేర్లు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని ఒకరు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. శబ్దం తర్వాత చూసుకుందాం, ముందు ఆచారం తేల్చుకోవాలి. డ్రాగన్ జాతికి నామకరణ పద్ధతి ఎలా ఉంటే నమ్మేలా ఉంటుంది?

వానకోయిల:
మంచి ప్రశ్న. నేను జంతువుల వైపు నుంచి మొదలుపెడతాను. పేరులాంటిది ఒక్క మనుషులకే ఉంటుందని అనుకోనక్కర్లేదు.

బాటిల్‌నోజ్ డాల్ఫిన్ పిల్ల పుట్టిన మొదటి ఏడాదిలోనే తనకంటూ ఒక ఈల కూత తయారుచేసుకుంటుంది. మిగతా డాల్ఫిన్లు ఆ ఈలనే అనుకరిస్తే అది వెంటనే పలుకుతుంది. అంటే తన పేరు తనే పెట్టుకుంటుంది, లోకం దాన్ని నేర్చుకుంటుంది. వెనిజులాలోని ఒక జాతి చిన్న చిలకల్లో పద్ధతి వేరు. 2011లో వచ్చిన అధ్యయనంలో గుడ్లను ఒక గూటి నుంచి ఇంకో గూటికి మార్చి చూశారు. పిల్లలు కన్నవాళ్ళ కూతను కాకుండా పెంచినవాళ్ళు ఇచ్చిన కూతనే తమదిగా చేసుకున్నాయి. ఇక ఏనుగుల సంగతి. 2024లో కెన్యా ఏనుగుల మీద వచ్చిన పరిశోధన ప్రకారం, తనను ఉద్దేశించిన పిలుపును రికార్డు చేసి వినిపిస్తే ఏనుగు ఎక్కువగా స్పందిస్తుంది, వేరేవాళ్ళను ఉద్దేశించిన పిలుపుకు అంతగా స్పందించదు.

మీకు అన్నిటికంటే పనికొచ్చేది గుడ్డు లోపలి వ్యవహారం. మొసలి పిల్లలు పుట్టబోయే ముందు గుడ్డులోంచే కూస్తాయి, అది విని తల్లి గూడు తవ్వుతుంది. ఆస్ట్రేలియాలో ఫెయిరీరెన్ అనే చిన్న పిట్ట ఉంది. తల్లి గుడ్ల మీద కూర్చుని ఒక ప్రత్యేకమైన కూత వినిపిస్తుంది. పిల్లలు పుట్టాక తిండి కోసం అరిచేటప్పుడు అందులోని ఒక స్వరాన్ని కలుపుతాయి. గూట్లో దొంగచాటుగా గుడ్డు పెట్టిపోయే కోకిలజాతి పిల్లకు ఆ స్వరం సరిగ్గా పలకదు. అంటే అది లోపలికి రానిచ్చే గుర్తుమాట.

60 ఏళ్ళు బూడిదలో ఉన్న గుడ్డుకు తల్లి ఏం వినిపించిందో అదే దాని మొదటి పేరు అనుకోండి. దొంగిలించి తెచ్చిన గుడ్డు ఎవరిదో పుట్టిన రోజునే తెలిసిపోతుంది.

లిపికారుడు:
వానకోయిల గారు చెప్పిన తల్లి కూత బాగుంది. దాన్ని పట్టుకునే నోటి సంగతి చూద్దాం. మీ డ్రాగన్లకు మొసలి మూతి ఉంటే పెదవులు కలవవు. ప, ఫ, బ, భ, మ పలకవు. వ కూడా కష్టం, పై పళ్ళు కింది పెదవికి తగలాలి కాబట్టి. అసలు పట్టించుకోనివి అచ్చులు. ఉ, ఊ, ఒ, ఓ, ఔ పలకాలంటే పెదవులు గుండ్రంగా చుట్టాలి. ఈ లెక్కన మీ అగ్నిభీర, ధూమ్రభైర, వజ్రభైర, ప్రళయఘోర నాలుగూ డ్రాగన్ నోట రావు. అవి మనుషులు పెట్టిన పేర్లుగా మిగిలిపోతాయి, అది మంచిదే.

పెదవులు లేకుండా భాష నడవదేమో అన్న బెంగ వద్దు. దండి దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడు తన కథ మొత్తం ఒక్క ఓష్ఠ్యాక్షరం లేకుండా చెబుతాడు, ప్రియురాలు కొరికిన పెదవి నొప్పిగా ఉందని. నిరోష్ఠ్య కావ్యాలు తెలుగులోనూ ఉన్నాయి. మన వర్ణమాలలో క వర్గం నుంచి త వర్గం దాకా మిగిలినవన్నీ వాడుకోవచ్చు. గొంతులో గరగర కావాలంటే ఘ, ఝ, ర, ణ చాలు. ఉదాహరణకు ఝిరణ, కైరిణి, ఘారక, ఖిరజ్ఞ. వీటిలో దేన్నైనా అద్దం ముందు నిలబడి పలికి చూడండి, పెదవులు ఒకదానికొకటి తగలవు.

నల్లకలువ:
పెదవుల వాదం నాకు పూర్తిగా ఎక్కలేదు. చిలకకు పెదవులున్నాయా? అయినా మన మాటలు పలుకుతుంది. పక్షులకు శబ్దం పుట్టేది గొంతు అడుగున, శ్వాసనాళం చీలే చోట. డ్రాగన్ పక్షికి దగ్గరా, మొసలికి దగ్గరా అన్నది ముందు రచయిత తేల్చాలి. అది తేలకుండా అక్షరాలు ఏరుకోవడం తొందరపాటు.

నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది మనుషుల వైపు. కొండ మీద అంత పెద్ద ప్రాణి తిరుగుతుంటే కింద బతికేవాళ్ళు దాని పేరు గట్టిగా పలుకుతారా? ఎలుగుబంటికి సంస్కృతంలో ఋక్షం అంటాం, గ్రీకులో ఆర్క్‌టోస్. రెండూ ఒకే పాత మూలం నుంచి వచ్చిన మాటలు. ఉత్తర ఐరోపాలో ఎలుగులతో రోజూ తలపడే జాతుల భాషల్లో మాత్రం ఆ మాట లేకుండా పోయింది. స్లావిక్ భాషల్లో దాన్ని 'తేనె తినేది' అన్నారు, జర్మానిక్ భాషల్లో 'గోధుమరంగుది' అన్నారని చాలామంది పండితుల అభిప్రాయం. పేరు పిలిస్తే వస్తుందన్న భయంతో అసలు మాటనే వదిలేశారు.

మీ లోయవాళ్ళకూ అలాంటి చాటు మాటలు ఉండాలి. 'పైవాడు', 'పెద్దనీడ', 'నిద్రలో ఉన్నాయన'. గనిలోకి దిగేవాళ్ళు వాడే మాట ఒకటి, వంటింట్లో ఆడవాళ్ళు వాడేది ఇంకోటి, పిల్లలను భయపెట్టడానికి మూడోది. అసలు పేరు తెలిసింది ఊళ్ళో ఏ ఒక్క ముసలామెకో ఉంటుంది.

మూడోకన్ను:
పురాణాల్లో, పాత కావ్యాల్లో డ్రాగన్ పేర్లు ఎలా వచ్చాయో చూస్తే మీ ఇద్దరి వాదాలకూ ఆధారం దొరుకుతుంది.

నార్స్ (పాత స్కాండినేవియా) గాథల్లో ఫాఫ్నిర్ పుట్టుకతో డ్రాగన్ కాదు. బంగారం కోసం తండ్రిని చంపి, ఆ నిధి మీద పడుకుని డ్రాగన్ అయ్యాడు. రూపం మారింది, పేరు మారలేదు. తనను పొడిచిన సిగుర్డ్‌ను చనిపోయే ముందు 'నువ్వెవరు?' అని అడుగుతాడు. సిగుర్డ్ మొదట పేరు దాస్తాడు, తర్వాత చెబుతాడు. చావబోయేవాడు శత్రువును పేరు పెట్టి శపిస్తే ఆ శాపం తగులుతుందని అప్పటివాళ్ళ నమ్మకం. అందరూ డ్రాగన్ పేరు రహస్యం అంటారు గానీ, ఇక్కడ డ్రాగన్ దగ్గర మనిషి తన పేరు దాచుకున్నాడు. రాతిగూడు గారూ, దీన్ని ఎవరూ పెద్దగా వాడలేదు, మీరు వాడండి. డ్రాగన్ కంటపడేచోటికి వెళ్ళే గనివాళ్ళు ఒకరినొకరు పేర్లతో పిలుచుకోరు.

ఇంగ్లిష్ ప్రాచీన కావ్యం బేవుల్ఫ్‌లో వీరుణ్ణి చంపిన డ్రాగన్‌కు అసలు పేరే లేదు. అదే కావ్యంలో కత్తులకు పేర్లున్నాయి. డ్రాగన్‌ను మాత్రం నిధి కావలివాడు, తెల్లవారుజామున ఎగిరేవాడు అనే మాటలతోనే చెబుతారు. నల్లకలువ గారి చాటు మాటలకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

చైనా వైపు వెళితే పద్ధతి పూర్తిగా వేరు. నాలుగు సముద్రాల డ్రాగన్ రాజులకు 'ఆవ్' అనే ఇంటిపేరు ఉమ్మడిగా ఉంటుంది. తూర్పు సముద్రానిది ఆవ్ గ్వాంగ్. అక్కడ డ్రాగన్ ఒక కుటుంబం, ఒక పదవి. వానలు కురిపించే అధికారి. భయంతో దాచే పేరు కాదు, అర్జీ మీద రాసే పేరు.

రాతిగూడు:
చాలా ఆలోచనలు వచ్చాయి, ధన్యవాదాలు. ఒక్కొక్కటి ఇలా పెట్టుకుంటున్నాను. గుడ్డులో ఉన్నప్పుడు తల్లి ఇచ్చే కూత లోపలి పేరు. అది డ్రాగన్ల మధ్యే ఉంటుంది. లోయవాళ్ళు పిలిచేది బయటి పేరు. పాత పేర్లను ఈ రెండో దాంట్లోకి తోసేస్తాను, అదీ అన్నీ కాదు.

నల్లకలువ గారూ, నా డ్రాగన్లు మొసలికే దగ్గర. రెక్కలు తర్వాత వచ్చినవి. కాబట్టి లిపికారుడు గారి నియమం తీసుకుంటున్నాను.

ఇంకో సందేహం. 800 ఏళ్ళు బతికేదానికి ఒకే పేరు ఉంటుందా? మా డ్రాగన్లు వందేళ్ళకోసారి కుబుసం విడుస్తాయి.

తోకచుక్క:
కుబుసంతో పాటు పేరు మారిస్తే పాఠకుడు గల్లంతవుతాడు. ఎనిమిది కుబుసాలు, ఎనిమిది పేర్లు, ఏడు డ్రాగన్లు. ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మార్చకండి, పెంచండి. ప్రతి కుబుసానికీ చివర ఒక అక్షరం చేరుతుంది, మొదలు ఎప్పటికీ కదలదు.

పుట్టినప్పుడు ఝి. మొదటి కుబుసం తర్వాత ఝిర. రెండోది అయ్యాక ఝిరణ. ఆ తర్వాత ఝిరణకి. పేరు వినగానే వయసు తెలుస్తుంది. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను పూర్తి పేరుతో పిలవాలి, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను మొదటి అక్షరంతో పిలవచ్చు. కొత్త అక్షరాన్ని ఎవరు ఇస్తారన్నది రాజకీయం. తల్లి బతికుంటే తల్లి ఇస్తుంది, లేకపోతే గుంపు పెద్ద.

శిక్ష కూడా ఇక్కడే ఉంది. తప్పు చేసిన డ్రాగన్‌ను చంపరు, పేరులో మొదటిది తప్ప మిగతా అక్షరాలు కోస్తారు. 400 ఏళ్ళ డ్రాగన్‌ను సభ మధ్య నిలబెట్టి, నిన్న పుట్టిన పిల్ల చేత 'ఝి' అని పిలిపిస్తారు. అది పలకాలి. పలకకపోతే గుంపు నుంచి వెలి. ఈ ఒక్క సన్నివేశం రాస్తే మీ జాతి స్వభావం మొత్తం పాఠకుడికి తెలిసిపోతుంది.

నల్లకలువ:
ఆ శిక్ష ఆలోచన చాలా నచ్చింది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. దయచేసి 'అసలు పేరు తెలిస్తే డ్రాగన్ బానిస అయిపోతుంది' అన్నది పెట్టొద్దు. ప్రతి రెండో కథలో అదే. పేరు తెలుసుకోవడమే కథ అయిపోతుంది, డ్రాగన్ తాళంచెవి దొరకాల్సిన పెట్టె అయిపోతుంది.

మూడోకన్ను:
పూర్తిగా తీసేయనక్కర్లేదని నా అభిప్రాయం. ఈజిప్టు కథ ఒకటి చూడండి. సూర్యదేవుడు రా నోటి నుంచి జారిన ఉమ్మిని మట్టితో కలిపి ఐసిస్ అనే దేవత ఒక పామును చేస్తుంది. అది కాటేస్తుంది. నీ పేరు చెబితే విషం దించుతానంటుంది. రా వెంటనే చెప్పడు. 'ఉదయం ఖెప్రి, మధ్యాహ్నం రా, సాయంత్రం ఆతుమ్' అని ఉన్న పేర్లన్నీ చెబుతూ పోతాడు. విషం దిగదు. నొప్పి భరించలేని దశలో గానీ అసలు పేరు ఆమెకు అందదు. ఆ కథలో నాకు బలంగా కనిపించేది ఆ తప్పించుకునే జాబితా. అబద్ధం ఒక్కటీ లేదు, అన్నీ నిజమైన పేర్లే, అడిగింది మాత్రం లేదు. డ్రాగన్ మనిషితో మాట్లాడేటప్పుడు ఇలాగే మాట్లాడుతుంది.

ఇదే ఈజిప్టులో అపెప్ అనే మహాసర్పానికి రోజూ చేసే క్రతువు ఉండేది. పేరును పపైరస్ మీద ఆకుపచ్చ సిరాతో రాసి కాల్చేవారు. కొన్నిచోట్ల ఆ పాము బొమ్మ గీసి, ఒంటి మీద కత్తులు దిగినట్టు చూపించేవారు, రాసిన అక్షరం లేచి హాని చేయకుండా. పేరుకు శక్తి ఉందని నమ్మే సమాజం రోజూ ఏం చేస్తుందో ఇక్కడ కనిపిస్తుంది. మంత్రంలా ఒక్కసారి పలికి గెలిచేది కాదు, తరతరాలు మోయాల్సిన చాకిరీ.

నల్లకలువ:
చాకిరీగా అయితే ఒప్పుకుంటాను. గెలుపుగా మాత్రం వద్దు.

అక్షరభిక్షువు:
ఆలస్యంగా వచ్చాను, మొత్తం చదివాను. డ్రాగన్ చనిపోయాక పేరు ఏమవుతుందో ఎవరూ అడగలేదు.

ఆస్ట్రేలియా ఆదివాసుల్లో చాలా సమూహాలు చనిపోయినవారి పేరు కొంతకాలం పలకవు. మధ్య ఆస్ట్రేలియాలో అదే పేరున్న బతికి ఉన్నవారిని ఆ కాలంలో 'కుమంజాయి' లాంటి ప్రత్యామ్నాయపు పేరుతో పిలుస్తారు. అదే ఉచ్చారణ ఉన్న మామూలు మాటను కూడా కొన్నిచోట్ల పక్కన పెడతారు.

ఇప్పుడు మీ లోయకు రండి. ముప్ఫై తరాలుగా ఒకే డ్రాగన్ పైన ఉంది. ఏటికి దాని పేరే, కొండ మలుపుకు దాని పేరే, ఒక రకం ఎర్రరాయికి దాని పేరే. అది ఒక రాత్రి చనిపోయింది. పేరు పలకకూడదు. పొద్దున్నే నీళ్ళకు వెళ్ళే మనిషి ఏటిని ఏమని చెప్పాలి? రాయి తూకం వేసేవాడు చిట్టాలో ఏం రాయాలి? ఏడాదిలో ఊరి మాటలు సగం మారిపోతాయి. పాత మాట నోరుజారిన ముసలాయనకు జరిమానా. పక్క లోయలో ఆ ఆచారం లేదు, వాళ్ళు పాత మాటలే వాడతారు, అందుకే రెండు లోయల యాసలు వేరయ్యాయి. మీకు ఒక భాషా చరిత్ర దానంతటదే వస్తుంది, విడిగా కల్పించాల్సిన పని లేదు.

తోకచుక్క:
దీనికి తోడు, దూరపు పట్టణాల సంగతి కూడా ఆలోచించండి. డ్రాగన్‌ను ఎన్నడూ దగ్గరగా చూడనివాళ్ళు, ఏడాదికోసారి పంట మీదుగా వెళ్తే నష్టపోయేవాళ్ళు. వాళ్ళకు పేరు ఒక హెచ్చరిక. తుపానులకు అలాగే పెడుతున్నారు కదా. ఉత్తర హిందూ మహాసముద్రంలో వచ్చేవాటికి 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చాయి. 2020లో ప్రకటించిన ఆ జాబితాలో 169 పేర్లున్నాయి, ఒకసారి వాడింది మళ్ళీ వాడరు. అట్లాంటిక్‌లో జాబితాలు ఆరేళ్ళకోసారి తిరిగొస్తాయి, కానీ ఎక్కువ ప్రాణాలు తీసిన పేరును శాశ్వతంగా పక్కన పెడతారు. 2005 కత్రినా మళ్ళీ రాదు.

పట్టణ సభలో ముందే రాసిపెట్టిన పేర్ల పట్టీ ఉంటుంది. ఆ ఏడు కనబడిన మొదటి డ్రాగన్‌కు మొదటి పేరు. పైన లోయలో ముప్ఫై తరాలుగా భయభక్తులతో చూసుకునే పెద్దనీడే, కింద పట్టణం పట్టీలో ఒక ఏడు 'సరళ', మరుసటి ఏడు 'చంద్రిక'. రెండూ ఒకటేనని వాళ్ళకు తెలియదు. మీ కథలో లోయ మనిషి పట్టణానికి వెళ్ళి ఆ పట్టీ చదివే ఘట్టం ఉండాలి.

రాతిగూడు:
ఉంటుంది, ఇప్పుడే రాసిపెట్టుకున్నాను. ఏటి పేరు మారే భాగం కోసమైతే మొదటి అధ్యాయమే తిరగరాయాలి, సంతోషంగా రాస్తాను.

ఇక ఒక్క ముడి మిగిలింది. నా కథానాయకి ఒక ఆడ డ్రాగన్. గుడ్డు బూడిదలో ఉండగానే తల్లి చనిపోయింది. 60 ఏళ్ళూ ఏ కూతా వినలేదు. లోపలి పేరు లేదు. గుంపు దాన్ని ఏమని పిలవాలి?

వానకోయిల:
తల్లి కూత వినలేదన్నారు, అసలేమీ వినలేదని కాదు కదా. గుడ్డు ఉన్నది గనుల పక్కనే. కింద మనుషులు 60 ఏళ్ళు సుత్తులతో రాయి కొట్టారు. అది నేల గుండా పెంకుకు చేరుతూనే ఉంది. డాల్ఫిన్ పిల్ల చుట్టూ విన్న శబ్దాల నుంచే తన ఈల అల్లుకుంటుంది. మీ పిల్ల సుత్తి దెబ్బనే తన పేరు చేసుకుంటుంది. పెంకు పగలగానే అది పలికే మొదటి శబ్దం అదే.

లిపికారుడు:
అయితే ఆ పేరు అక్షరాల్లో ఉండదు, లయలో ఉంటుంది. రాయడానికి మనకు ఛందస్సు ఉండనే ఉంది. గనిలో ఉలి పట్టుకున్నవాడి చేతి మీద పెద్ద సుత్తి ఒకటి బలంగా, వెంటనే చిన్నవి రెండు తేలికగా పడతాయనుకోండి. గురువు, లఘువు, లఘువు. అది భగణం. డ్రాగన్లు దాన్ని తోకతో నేల మీద కొట్టి పిలుస్తాయి. కింద మనుషులు ఆ లయకు సరిపడే మాట వెతుక్కుంటారు. 'తాళక' సరిపోతుంది. తా గురువు, ళ, క లఘువులు, పెదవి అక్కర్లేదు. తాళకం అంటే హరిదళం, ఆ పసుపు ఖనిజం అగ్నిపర్వతాల వేడి ఆవిర్లు వచ్చేచోట దొరుకుతుంది. మీ గనివాళ్ళు తవ్వేది అదే కావచ్చు.

నల్లకలువ:
నాకు బాగా నచ్చింది, కానీ గుంపు ఊరుకుంటుందా? ఇది మనిషి శబ్దం. పైగా తోకచుక్క గారి లెక్క ప్రకారం ఒక్క అక్షరంతో మొదలవ్వాలి. పుట్టగానే మూడు దెబ్బల పేరంటే, నిన్న పుట్టినది 200 ఏళ్ళ దానితో సమానంగా నిలబడ్డట్టు. గొడవ అక్కడే మొదలవుతుంది.

రాతిగూడు:
ఆ గొడవే నా రెండో భాగం. పెద్ద డ్రాగన్ మొదటి దెబ్బ ఒక్కటే కొట్టి పిలుస్తుంది, ఇది పలకదు. వెలి వేసేదాకా వెళ్తుంది. రాశాక ఇక్కడే పెడతాను, లయ తప్పిందేమో లిపికారుడు గారు చూసి చెప్పాలి.

మూడోకన్ను గారూ, ఒక చిన్న అవసరం. పట్టణ సభా మందిరంలో పెద్ద గంట ఉంది. దాని మీద డ్రాగన్ బొమ్మ ఉండాలి. చైనాలో గంటలకు డ్రాగన్ ఉంటుందని చదివిన గుర్తు.

మూడోకన్ను:
ఉంటుంది. డ్రాగన్‌కు తొమ్మిది మంది కొడుకులని చైనాలో ఒక సంప్రదాయం, జాబితాలు గ్రంథానికో రకంగా ఉంటాయి. ఒక్కొక్కరి స్వభావాన్ని బట్టి ఒక్కో చోటు ఇచ్చారు. బరువు మోయడం ఇష్టమైన బీశీ తాబేలు ఆకారంలో శాసనాల రాళ్ళ కింద ఉంటాడు. చీవెన్ ఇంటి కప్పు కొసల మీద ఉంటాడు. యాజ్‌కు పోట్లాట ఇష్టం, కత్తి పిడి మీద చోటు. సంగీతం ఇష్టమైన చ్యూన్యూ తంతివాద్యం తల మీద.

మీకు కావలసినవాడు పూలావ్. అరవడం అతనికి ఇష్టం, అందుకే గంటను వేలాడదీసే కొక్కెం మీద పోతపోస్తారు. తిమింగలం అంటే అతనికి భయం, అది తాకితే గట్టిగా అరుస్తాడట. అందుకని గంట కొట్టే దుంగను తిమింగలం ఆకారంలో చెక్కేవారు.